అర్జీలో మొదటి పేరు

నేను యాత్రలు చేసే మనిషిని కాను. పని ఎక్కడుంటే అక్కడికి పోయాను, పని కాగానే ఇల్లు చేరాను. అటువంటి వాణ్ణి డెబ్బై రెండేళ్ళ వయసులో నాలుగు రోజులు ఇల్లు వదిలి ఆత్మకూరు, సోమశిల, ఉదయగిరి తిరిగి వచ్చానంటే, అది ఒక్క సంతకం కోసం. ఏ కాగితం మీద పెట్టడానికి వెళ్ళానో దాని మీద పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో, ఆ దారిలో ఏమేం చూశానో అటువైపు వెళ్ళని వాళ్ళకు చెబుదామని కూర్చున్నాను.

మాది కోవూరు. పెన్న ఒడ్డున వరి పండే ఊరు. అక్కడ ముప్పై ఏళ్ళు వెల్డింగు షెడ్డు నడిపి, నాలుగేళ్ళ కిందట మూసేశాను. ఉదయగిరి నుంచి వచ్చిన మస్తాను నా దగ్గర ఆరేళ్ళు పనిచేశాడు. పని పట్టుబడ్డాక ఆత్మకూరులో సొంతంగా షెడ్డు పెట్టుకున్నాడు. పెళ్ళయింది. మొన్న ఉన్నట్టుండి ఫోన్ చేశాడు.

"మేస్త్రీ, కెనడాకు అర్జీ పెడతా ఉండాము. మీ దగ్గర పని చేసినట్టు కాగితం కావాల. మీరొచ్చి సంతకం పెట్టాల."

"పోస్టులో పంపించరా, పెట్టి పంపిస్తా."

"అట్టా కాదు. మా అబ్బ మిమ్మల్ని ఉదయగిరికి పిలవమన్నాడు. ఆయన ముందర పెడితే బాగుంటాది."

అబ్బ అంటే వాళ్ళ నాన్న. కాదనడానికి నాకు నోరు రాలేదు. ఆరేళ్ళలో ఆ మనిషికి నేను ఒక్క కాగితం ఇవ్వలేదు. హాజరు పుస్తకం లేదు, జీతం చీటీ లేదు. శనివారం సాయంత్రం చేతిలో పెట్టేవాణ్ణి, అంతే. మా కాలపు షెడ్లన్నీ అంతే. పని వచ్చిన చెయ్యి ఎదురుగా కనబడుతుంటే కాగితం దేనికి అనుకున్నాం. ఇప్పుడు సముద్రాల అవతల ఒక ఆఫీసు ఆ చేతిని చూడదు, కాగితాన్ని చూస్తుంది.

నాకు బడి ఐదో తరగతితో ఆగిపోయింది. ఇంగ్లీషు నేర్చుకున్నది వెల్డింగు రాడ్ల డబ్బాల మీద అచ్చు చూసి, ఆ తర్వాత అట్టలు పోయిన ఒక నిఘంటువు పెట్టుకుని. బయలుదేరే ముందు నెట్ సెంటరులో కెనడా వాళ్ళ నిబంధనలు అచ్చు తీయించి రెండు సాయంత్రాలు చదివాను. తమకు ఏ పనివాళ్ళు కావాలో జాబితా వేసుకున్నారు. నర్సులు, వడ్రంగులు, వెల్డర్లు, కరెంటు పనివాళ్ళు, ఇంకా ఎందరో. వయసుకు ఇన్ని మార్కులు, చదువుకు ఇన్ని, ఇంగ్లీషుకు ఇన్ని. సంతలో ఎద్దు పళ్ళు లెక్కపెట్టినట్టే ఉంది. చదువుతుంటే ఒళ్ళు మండింది. ఆ వెంటనే ఇంకో సంగతికి ఇంకా ఎక్కువ మండింది. ఈ పనివాళ్ళందరూ కావాలని మన దేశంలో ఏ ఆఫీసయినా ఇట్లా పేరుపేరునా అచ్చు వేసిందా?

ఒక మాట ఒప్పుకోవాలి. నర్సు అనే మాట ఆ జాబితాలో చదివాను. చదివి దాటిపోయాను. నా వేలు వెల్డరు అనే మాట కోసం కిందికి జారుతూ పోయింది.

ఆత్మకూరు

నెల్లూరు నుంచి ఆత్మకూరు బస్సులో రెండు గంటలు కూర్చుంటే వరి మళ్ళు వెనకబడి నేల ఎర్రబారుతుంది. బస్టాండులో దిగి టీ తాగాను. పన్నెండు రూపాయలు. మా ఊళ్ళో పది. కానీ ఇక్కడి టీలో అల్లం దంచి వేస్తారు, మా వాళ్ళు అల్లం వాసన చూపించి ఊరుకుంటారు. కాబట్టి ఆ రెండు రూపాయలకు నేను గొడవ పెట్టుకోలేదు.

మస్తాను షెడ్డు నెల్లూరు రోడ్డు మీద ఉంది. నేను వెళ్ళేసరికి ఒక గేటుకు అతుకులు వేస్తున్నాడు. ముఖానికి అడ్డం పెట్టుకున్న అద్దం తీయకముందే ఆ అతుకు చూసి అది మస్తాను చేయి అని చెప్పగలను. తీరుగా, ఒకే మందంలో, చీమల బారులా పోతుంది. పక్కనే ఇనుప కొట్టు శెట్టి తన గల్లాపెట్టె దగ్గర నుంచే పలకరించాడు.

"ఏం మేస్త్రీ, మీ శిష్యుణ్ణి కెనడా పంపించేదానికి వచ్చినారంట. వీడు పోతే నా ఇనుముకు గిరాకీ ఎవురిస్తారు?"

"నువ్వూ పో శెట్టీ, ఆడ కొట్టు పెట్టు."

"నన్నెవురు పిలుస్తారు సామీ. వాళ్ళ లిస్టులో వెల్డరు ఉండాడంట, శెట్టి లేడంట" అని నవ్వాడు.

కాగితం ఇంకా వీసా కన్సల్టెన్సీలో టైపు అవుతోందని, శుక్రవారం ఉదయగిరికి తెస్తానని మస్తాను చెప్పాడు. సాయంత్రం అతని భార్య నసీమా ఆసుపత్రి నుంచి వచ్చింది. నేను ఆమెను చూడడం అదే మొదలు. ఊళ్ళోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. బీఎస్సీ నర్సింగు చదివి తొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. పొద్దుటి నుంచి నిలబడి ఉన్న మనిషి, చెప్పులు విప్పి గుమ్మంలోనే కాసేపు గోడకు ఆనుకుంది. తర్వాత నాకు దోశ పోసింది, ఎర్రకారం పూసి. మా వైపు ఎర్రకారంలో వెల్లుల్లి ఎక్కువ, ఈమె చేతిలో మిరప ఎక్కువ. కళ్ళలో నీళ్ళు వచ్చినా రెండోది అడిగాను.

"మీకు తొందర ఎందుకమ్మా, నిదానంగా పెట్టుకోవచ్చు గదా అర్జీ?" అన్నాను.

"నిదానానికి టైము లేదు పెదనాయనా. నేను ఇంగ్లీషు పరీక్ష రాసి రెండేళ్ళు కావొస్తా ఉండాది. రెండేళ్ళు దాటితే ఆ మార్కులు చెల్లవు. వచ్చే నెల పదో తేదీ లోపల అర్జీ పోవాల. నాకు ముప్పై మూడు. వయసు పెరిగే కొద్దీ ఆ మార్కులూ తగ్గతా పోతాయి."

"ఆమె మార్కులు నాకు కలుస్తాయి మేస్త్రీ" అన్నాడు మస్తాను. "పెండ్లాం చదువుకునుంటే మొగుడికి కొంచెం కలుపుతారు."

నసీమా దోశ తిరగేసింది. కలుపుతారు అన్న మాట నాకప్పుడు సబబుగానే వినబడింది.

సోమశిల

శుక్రవారానికి ఒక రోజు ఉంది కాబట్టి మర్నాడు సోమశిల వెళ్ళాను. ఎవరికీ చెప్పని కోరిక అది. ఆనకట్ట కడుతున్న రోజుల్లో, ముప్పై దాటని వయసులో, అక్కడ గేట్ల దగ్గర వెల్డరుకు సహాయకుడిగా చేరాను. నా చేతికి పని వచ్చింది అక్కడే.

ఇప్పుడు జలాశయం నిండుగా ఉంది. కొండల నడుమ ఎంత దూరం చూసినా నీళ్ళు. చూడడానికి వచ్చినవాళ్ళు ఫోటోలు తీసుకుంటున్నారు. ఆ నీళ్ళ కింద ఊళ్ళున్నాయని వాళ్ళకు తెలియదు, తెలిసినా ఫోటోలో పడదు. నాకు నీళ్ళు కనబడలేదు. పరిహారం ఇచ్చే రోజు గుడారం ముందు బారుతీరిన జనం కనబడ్డారు. అందులో ఒకామె ఉండేది. భూమి ఆమెకు తల్లి వైపు నుంచి వచ్చింది. దున్నింది ఆమె, కలుపు తీసింది ఆమె. గుమాస్తా "మొగుడు ఏడీ?" అన్నాడు. మొగుడు ఎప్పుడో ఊరు వదిలి పోయాడు. "అతను వచ్చి వేలిముద్ర వేయాల" అన్నాడు గుమాస్తా. ఆమె మూడు రోజులు వచ్చి బారులో నిలబడింది. నాలుగో రోజు రాలేదు. నేను అక్కడే నిలబడి చూశాను. అది అన్యాయమని కూడా నాకు తట్టలేదు. కాగితాలు అట్లాగే ఉంటాయి కాబోలు అనుకున్నాను.

ఒడ్డున చేపలు వేపి అమ్మే ఒక ముసలామె దగ్గర కూర్చున్నాను. వాళ్ళవీ మునిగిన ఊళ్ళే. పొలం పోయాక వాళ్ళాయన వల పట్టాడట. మేం సముద్రం చేపను చింతపండు పులుసులో వేసి మర్నాటికి తింటాం. వీళ్ళు మంచినీటి చేపను పట్టిన గంటలో కారం పూసి వేపేస్తారు. యాభై రూపాయలకు రెండు పెద్ద ముక్కలు.

"బాగుండాదా?" అంది.

"బాగుంది. ముళ్ళు ఎక్కువ."

"ముళ్ళకు వేరే దుడ్లు అడగలా గదా అబ్బయ్యా, అవి గూడా నీళ్ళల్లో పెరిగినవే" అని తనే నవ్వుకుంది.

నేను పని చేసిన గేటు కనబడుతుందేమోనని మెట్ల మీద నుంచి తొంగి చూడబోతే జేబులోని కళ్ళజోడు జారి కింద పడింది. దాన్ని వెతకడానికి వేసిన అడుగు సరిగ్గా దాని మీదే వేశాను. రెండు అద్దాలూ పిండి అయ్యాయి. ఎవరినీ తిట్టడానికి లేదు, కాలు నాదే.

మర్రిపాడు దారిలో

శుక్రవారం పొద్దున మస్తాను, నసీమా, నేను ముగ్గురం బస్సెక్కాం. మర్రిపాడు వైపు నేల చూస్తే, చెరువు కింద పుట్టిన మాలాంటి వాళ్ళకు నోరు ఎండుతుంది. వాన పడితే పంట, లేకపోతే గొర్రెలు. మా వైపు పొలం గట్టు మీద మనిషి కనబడతాడు, ఇక్కడ గొర్రెల వెనక మనిషి కనబడతాడు. రోడ్డుకు అడ్డంగా మంద వస్తే డ్రైవరు హారను కొట్టకుండా ఇంజను ఆపేశాడు. మా వైపు డ్రైవర్లు ఆ పాటికి నాలుగు తరాలను తిట్టి ఉండేవాళ్ళు.

ఆ ఆగిన బస్సులోనే ముందు సీట్లో ఒక అవ్వ పక్కకు ఒరిగిపోయింది. చెమటలు కారుతున్నాయి. పక్కనున్నవాళ్ళు "సోడా", "ఉల్లిపాయ", "దెయ్యం" అని తలా ఒకటి అరుస్తున్నారు. నసీమా మమ్మల్ని దాటుకుని వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది.

"అవ్వా, చక్కెర జబ్బు ఉండాదా నీకు?"

అవ్వ తల ఊపింది.

"పొద్దున మాత్ర ఏసుకున్నావా?"

"ఏసుకున్నా."

"తిన్నావా ఏమన్నా?"

"బస్సు పోతాదని తినలా."

నసీమా సంచిలోంచి చాక్లెట్టు తీసి అవ్వ బుగ్గలో పెట్టింది. జనాన్ని గట్టిగా కసిరి గాలి రానిచ్చింది. పది నిమిషాలకు అవ్వ లేచి కూర్చుని చీర సర్దుకుంది. అప్పటి నుంచి దిగేదాకా ఆమె చేయి వదలలేదు.

"నీ పేరేందమ్మా?"

"నసీమా."

"ఎవురి కోడలివి?"

నసీమా మామ పేరు చెప్పింది. అవ్వ "ఆయన పేరు కాదులే, మనవరాలికి పెట్టుకోవాల, నీ పేరు ఇంగోసారి చెప్పు" అంది. బస్సంతా నవ్వింది. మస్తాను కిటికీలోంచి గొర్రెలను చూస్తున్నాడు. గొర్రెలు ఎప్పుడో వెళ్ళిపోయాయి.

ఉదయగిరి

ఉదయగిరిలో ఎక్కడ నిలబడినా దుర్గం కొండ నెత్తిన ఉన్నట్టే ఉంటుంది. కింద ఊళ్ళో చెక్క చెంచాలు చెక్కే ఇళ్ళున్నాయి. మస్తాను తండ్రి ఖాదర్ బాషా ఆ పనివాడే. వాకిట్లో పందిరి కింద కూర్చుని, చేతి బాడిశతో లేత రంగు కర్రను కొడుతుంటే నాలుగు దెబ్బల్లో అందులోంచి చెంచా వంపు బయటికి వస్తుంది. కాడ మీద ఆకులు, పూలు. మిషను ముట్టని పని. నేను ఇనుముతో బతికినవాణ్ణి గనక కర్ర మీద అంత సున్నితం చూస్తే కొంచెం అసూయ.

"ఈ పని కెనడా వాళ్ళ జాబితాలో లేదు ఖాదర్ భాయ్" అన్నాను.

"చెంచా అడగతారు మేస్త్రీ, మనిషిని అడగరు" అన్నాడు తల ఎత్తకుండా.

నమాజు అయ్యాక భోజనం. పందిరి కిందే నేల మీద తెల్లటి గుడ్డ పరిచి నడుమ గిన్నెలు పెట్టారు. మసాలా అన్నం, దానిలోకి పప్పూ సొరకాయా వేసిన దాల్చా, కోడి కూర. మా ఇళ్ళల్లో ఎవరి విస్తరి వాళ్ళది, వడ్డించేవాళ్ళు చుట్టూ తిరుగుతారు. ఇక్కడ గిన్నె చేతులు మారుతుంది. ఒక్కటి మాత్రం రెండు చోట్లా ఒకటే. మగవాళ్ళం ముందు తిన్నాం. మస్తాను తల్లి ఫాతిమా, నసీమా పరదా అవతల నుంచి అందించారు.

చేతులు కడుక్కుని ఖాదర్ మళ్ళీ బాడిశ పట్టాక మస్తాను కాగితం తీశాడు. నేను రబ్బరు స్టాంపు, ఇంకు ప్యాడు తీశాను. కళ్ళజోడు లేని సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"చదవకుండా సంతకం పెట్టే అలవాటు నాకు లేదు. ఎవరన్నా చదవండి."

మస్తాను తడబడ్డాడు. నసీమాను పిలిచాడు. ఆమె వచ్చి గోడ పక్కన నిలబడి ఇంగ్లీషులో గడగడా చదువుతూ, వాక్యం వాక్యానికి ఆగి తెలుగులో చెప్పింది. మస్తాను నా దగ్గర పదేళ్ళు పని చేశాడట. పన్నెండు మంది వెల్డర్ల మీద సూపర్‌వైజరట. నా షెడ్డులో నాతో కలిపి ఎప్పుడూ నలుగురికి మించి లేము. అక్కడ ఆమె ఆగిపోయింది.

"ఇది అబద్ధం పెదనాయనా. ఇంగ నేను చదవను."

"అందరూ ఇట్టానే చేస్తా ఉండారమ్మా" అన్నాడు ఖాదర్. "ఒక సంతకం. మేస్త్రీకి ఏం పోతాది?"

"నాకేం పోదు ఖాదర్ భాయ్. పట్టుబడితే అర్జీ కొట్టేసి ఐదేళ్ళు తలుపు మూస్తారు. వాళ్ళ నిబంధనల్లో రాసుండాది, నేను చదివినాను. ఆరేళ్ళని రాయండి, వెల్డరని రాయండి, ఇప్పుడే స్టాంపు ఏస్తా."

"నిజం చాలదు మేస్త్రీ" అన్నాడు మస్తాను. "నాకు ఐటీఐ లేదు. ఇంగ్లీషు మూడుసార్లు రాసినా, మార్కులు అంతంత మాత్రమే. ఈ కాగితం లేకపోతే నాకు చాలవు."

"నీకు చాలవు" అంది నసీమా.

అందరం ఆమె వైపు చూశాం. ఆమె కాగితం మడిచి నా ముందు పెట్టింది. మామ వైపు చూడకుండా, నాతో చెబుతున్నట్టుగా చెప్పింది.

"మొగుడూ పెండ్లాల్లో ఎవురి పేరైనా ముందు పెట్టొచ్చు పెదనాయనా. వాళ్ళ లిస్టులో నర్సు ఉండాది. నాకు డిగ్రీ ఉండాది, తొమ్మిదేళ్ళకూ ఆసుపత్రి కాగితాలు ఉండాయి, ఇంగ్లీషు మార్కులు ఉండాయి. నా పేరు ముందు పెడితే ఈ అబద్ధం అక్కర్లేదు. ఆయన తోడొచ్చే భర్త. అర్జీ ఒప్పుకుంటే ఆయనకీ నాకూ ఒకే హక్కు, ఆడ వెల్డింగు చేసుకోవచ్చు. ఒప్పుకుంటారని నేను చెప్పలేను. అడిగేదానికి మాత్రం అర్హత ఉండాది."

మస్తాను నెమ్మదిగా అడిగాడు. "ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

"పరీక్ష రాసిన కాడ్నించి."

"మరి చెప్పలేదే?"

"అడిగినావా?"

ఖాదర్ బాషా బాడిశ పక్కన పెట్టాడు. "అంటే వీడు సంచి పట్టుకోని నీ వెనకాల పోతాడా? మా ఇంట్లో మొగోడు పెండ్లాం వీసా మీద పోలా ఎప్పుడూ. ఊళ్ళో ఏం చెప్పేది నేను?"

పరదా పక్కకు జరిగింది. ఫాతిమా వచ్చింది. అరవై దాటిన మనిషి, మోకాళ్ళు నొప్పి కాబోలు, గుమ్మం పట్టుకుని నిలబడింది.

"రేషన్ కార్డులో ఇంటి పెద్ద ఎవురు?" అంది.

"ఇప్పుడదెందుకు?"

"నేను. బియ్యం కోసరం నా ఫోటో ముందర పెట్టినప్పుడు నీ ఊరు ఏమీ అనలా."

మస్తానుకు నవ్వొచ్చింది. తండ్రి ముఖం చూసి మింగేశాడు. ఫాతిమా మాత్రం నవ్వలేదు.

"ఇంగోటి చెప్తా. కోడలికి తెలవదు. నేను కువైట్‌లో పదకొండేళ్ళు ఉండాను నసీమా. ఒక ఇంట్లో బండలు తుడిచినా, వాళ్ళ పిల్లోళ్ళను పెంచినా. నేను పోయినప్పుడు నీ మొగుడికి నాలుగేళ్ళు. ఈ స్లాబు అప్పుడు పోసిందే. తిరిగొచ్చినాక ఆ ఊసు ఎత్తొద్దన్నాడు మీ మామ. మద్రాసులో చుట్టాల కాడ ఉన్నానని చెప్పమన్నాడు. చెప్పినా." ఆమె భర్త వైపు తిరిగింది. "పెండ్లాం ఇంకోళ్ళ ఇల్లు తుడిచేదానికి ముందు పోయినప్పుడు పోని పరువు, నర్సుగా ముందు పోతే పోతాదా?"

ఖాదర్ లేచాడు. చెక్కుతున్న చెంచా చేతిలోనే ఉంది. అట్లాగే వీధిలోకి వెళ్ళిపోయాడు.

నాకు ఆ కాలం బాగా తెలుసు. ఈ మెట్ట మండలాల నుంచి ఎందరు ఆడవాళ్ళు గల్ఫుకు పోయారో నేను చూశాను. నెల్లూరు స్టేషనులో మద్రాసు రైలు ఎక్కేటప్పుడు పిల్లల్ని విడిపించుకోలేక చీర కొంగు వదిలేసి ఎక్కిన వాళ్ళను చూశాను. వాళ్ళు పంపిన దానితో ఇళ్ళు లేచాయి, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళయ్యాయి. తిరిగొచ్చాక వాళ్ళ కష్టాన్ని చుట్టాలింటి ముచ్చటగా మార్చి దాచేశాం. ఇది మనం చేసిన పనే. ఏ పరాయి దేశమూ చేయలేదు.

నేను స్టాంపు తీసి సంచిలో పెట్టుకున్నాను.

మళ్ళీ ఆత్మకూరు

మర్నాడు పొద్దున ఖాదర్ బాషా బస్సు దాకా వచ్చాడు. నాతో రోడ్డు గురించి, వానల గురించి మాట్లాడాడు. బస్సు కదిలే ముందు కొడుకుతో, "నన్ను అడగొద్దు. నేను అవుననను, కాదనను" అన్నాడు. కోడలి వైపు చూడలేదు. కానీ ఆమె సంచి బస్సులోకి అందించింది ఆయనే.

మర్రిపాడు దాటాక మస్తాను నన్ను అడిగాడు.

"మేస్త్రీ, ఆడికి పోయినాక నన్ను ఎవురన్నా నువ్వు ఎట్టా వచ్చినావని అడిగితే ఏం చెప్పాల?"

"మా ఆవిడతో వచ్చినానని చెప్పు."

"అంతేనా?"

"ఇంకేం ఉండాదిరా అందులో?"

కన్సల్టెన్సీ ఒక బట్టల కొట్టు పైన మేడ మీద ఉంది. గోడ నిండా జెండాలు, మంచు కొండలు. నాలుగు పదుల మనిషి ఒకాయన కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పేర్లు తారుమారు చేయాలని మస్తాను చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు. అదే నాకు ఆశ్చర్యం.

"అట్లా పెడితే మంచిదే. మార్కులు బాగా వస్తాయి" అన్నాడు.

"నీకు ముందే తెలుసా?" అన్నాను.

"తెలుసు సార్."

"తెలిసి దొంగ కాగితం టైపు చేసినావా?"

"మగవాళ్ళు ఒప్పుకోరు సార్. ఒకటి రెండుసార్లు చెప్పి చూసినా, కొట్టడానికి వచ్చినారు. అప్పట్నుంచి అడగడం మానేసినా. కస్టమరు ఏం చెబితే అది చేస్తాము."

నేను గట్టిగానే అరిచాను. ఏమని అరిచానో ఇక్కడ రాయను. కింద బట్టల కొట్లో వాళ్ళు పైకి వచ్చి చూశారు. నసీమా "పెదనాయనా, కూర్చోండి, బీపీ పెరుగుతాది" అని కుర్చీ లాగింది. అరుస్తున్నంత సేపూ నాకు లోపల తెలుస్తూనే ఉంది. నర్సు అనే మాట మీద వేలు జారిపోయింది నాది కూడా. ఆయన తెలిసి దాచాడు, నేను చదివి చూడలేదు.

అర్జీ కొత్తగా మొదలుపెట్టారు. ఆయన అడుగుతున్నాడు, నసీమా చెబుతోంది. ఏ వార్డులో ఎన్నేళ్ళు, వారానికి ఎన్ని గంటలు, ఏయే పనులు. ఒక్కదానికీ ఆలోచించుకోలేదు. అర్జీలో తోడు వచ్చే భర్త వివరాల దగ్గరికి వచ్చేసరికి ఆయన మస్తాను చేసిన పని గురించి అడిగాడు. నేను తెల్లకాగితం తీసుకుని, కళ్ళజోడు లేకుండానే పెద్ద అక్షరాలతో, నాకు వచ్చిన ఇంగ్లీషులో రాశాను. ఆరేళ్ళు. వెల్డరు. నలుగురు పనివాళ్ళ షెడ్డు. నిలువు అతుకు, తలెత్తి పైన వేసే అతుకు రెండూ వచ్చు. కింద సంతకం పెట్టి స్టాంపు వేశాను. ఎన్నో ఏళ్ళ కిందట ఇవ్వాల్సిన కాగితం అది. మస్తాను దాన్ని రెండు చేతులతో తీసుకున్నాడు.

పని అయ్యేసరికి మధ్యాహ్నం మూడయింది. అర్జీ పోయింది. జవాబుకు నెలలు పడుతుందట, వస్తుందో రాదో చెప్పలేమట. మెట్లు దిగి బట్టల కొట్టు నీడలో నిలబడ్డాం. మస్తాను ఉదయగిరికి ఫోన్ చేశాడు. స్పీకరు పెట్టాడు, నాకూ వినబడాలని కాబోలు. ఫాతిమా ఎత్తింది.

"పంపించినాము అమ్మీ."

"ఎవురి పేరు ముందు?"

"నసీమాది."

"నీది యాడుండాది?"

"కింద. తోడొచ్చేవాళ్ళు అని ఉంటాది, ఆడ."

రోడ్డు మీద బస్సు హారను, కొట్లో గుడ్డ చింపుతున్న చప్పుడు.

"కిందనో పైననో, ఆ కాగితంలో ఉండావు గదరా" అంది ఫాతిమా. "నేను కువైట్‌కు పోయినప్పుడు నా వీసా కాగితంలో మీ అబ్బ పేరు రాసేదానికి చోటే లేదు."